ఆఫీసు ఫోన్ సిస్టమ్ ఎంచుకునే ముందు మీ కాల్స్ లెక్క తీయండి

మీ ప్రశ్నను క్లుప్తంగా చెప్పుకుంటే పరిస్థితి ఇది: 150 దాకా ఎక్స్‌టెన్షన్లున్న పాత పీబీఎక్స్ (ఆఫీసు ఫోన్లను లోపలా బయటా కలిపే పెట్టె) చివరి రోజుల్లో ఉంది. మెయింటెనెన్స్ వాళ్లు విడిభాగాలు దొరకట్లేదంటున్నారు. ఇన్నాళ్లూ అడ్మిన్ విభాగం చూసుకున్న ఫోన్లు ఇప్పుడు ఐటీ నెత్తిన పడ్డాయి, మీదేమో రాత్రి షిఫ్ట్ లేని, నలుగురైదుగురున్న చిన్న టీమ్. ప్రొవైడర్ సర్వర్ల మీద నడిచే క్లౌడ్ ఫోన్ తీసుకోవాలా, సర్వర్ గదిలోనే కంప్యూటర్ నెట్‌వర్క్ మీద నడిచే సొంత ఐపీ పీబీఎక్స్ పెట్టుకోవాలా, లేక మీటింగులకు వాడుతున్న సాఫ్ట్‌వేర్‌లోనే ఫోన్ కూడా కలిపేసుకోవాలా అని అడిగారు. ముగ్గురు వెండర్లు డెమో ఇచ్చారనీ, మూడూ బాగానే కనిపించాయనీ రాశారు.

డెమోలో ఏ సిస్టమైనా బాగానే కనిపిస్తుంది. ఈ మూడు దారుల్లో ప్రతిదానిలోనూ హాయిగా నడుస్తున్న ఆఫీసులను చూశాను, ఏడాది తిరక్కుండానే మళ్లీ మార్చుకున్న ఆఫీసులనూ చూశాను. తేడా ఎక్కడొచ్చిందా అని చూస్తే, ఏ సిస్టమ్ కొన్నా మీ దగ్గరే ఉండిపోయే వాటిలోనే వచ్చింది: కాల్స్ ఎలా వస్తున్నాయి, ఎటు పోతున్నాయి అన్న అవగాహన, మీ నెట్‌వర్క్, మీ నంబర్ల మీద మీకున్న పట్టు, రోజూ దాన్ని చూసుకునే మనిషి. అందుకని వెండర్ల సంగతి కాసేపు పక్కన పెడదాం.

మొదటి పని, పాత పీబీఎక్స్ నుంచి కాల్ రికార్డులు తీయించడం. సీడీఆర్ అంటాం, పాత పెట్టెల్లో ఎస్‌ఎండీఆర్ అనే పేరుతో ఉంటుంది. కనీసం మూడు నెలలవి తీసుకోండి, మీ వ్యాపారానికి సీజన్ ఉంటే ఆ సీజన్‌ది తప్పకుండా కలపండి. అందులో అన్నిటికన్నా రద్దీగా ఉండే గంట ఏదో పట్టుకోండి. ఉదాహరణకు ఆ గంటలో బయటి కాల్స్ 120, ఒక్కోటి సగటున 3 నిమిషాలు అనుకుందాం. మొత్తం 360 నిమిషాల మాట, అంటే ఫోన్ రద్దీని కొలిచే లెక్కలో 6 ఎర్లాంగ్‌లు. గంటకు ఆరు గంటల మాట కాబట్టి ఆరు లైన్లు చాలుననిపిస్తుంది. కానీ కాల్స్ వరుసలో నిలబడి ఒకదాని తర్వాత ఒకటి రావు, గుంపుగా వచ్చిపడతాయి. కోపెన్‌హాగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్ 1917లో ఇచ్చిన సూత్రం ప్రకారం, ఆరు లైన్లే ఉంటే నాలుగో వంతుకు పైగా కాల్స్‌కి బిజీ టోనే దక్కుతుంది. 10 ఉంటే 4.3 శాతం, 12 ఉంటే 1.1 శాతం, 13కి గానీ అది ఒక శాతం లోపుకి దిగదు. ఈ ఎర్లాంగ్-బి లెక్క చేసిపెట్టే కాలిక్యులేటర్లు నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి.

ఈ ఒక్క అంకె చేతిలో ఉంటే బేరం మారిపోతుంది. పాత ఈ1 పీఆర్‌ఐ లైనులో 30 చానళ్లుంటాయి, అంటే ఒకేసారి 30 కాల్స్‌కి చోటు. అవసరం పన్నెండు పదమూడే అయినా, లైను అలా వచ్చింది కాబట్టి ముప్ఫైకీ డబ్బు కడుతున్న ఆఫీసులు ఎన్నో. వెండర్ కూడా పాత లైను చూసి 30 చానళ్లకే కొటేషన్ ఇస్తాడు. రికార్డుల్లో ఇంకోటి కూడా బయటపడుతుంది. 150 ఎక్స్‌టెన్షన్లలో నెలకు పట్టుమని పది కాల్స్ కూడా లేనివి చాలానే ఉంటాయి. వాళ్లకి బల్ల మీద ఫోన్ అక్కర్లేదు, కంప్యూటర్‌లోనో మొబైల్‌లోనో యాప్ చాలు. ఇంకొందరికి అసలు ఏదీ అక్కర్లేదు.

రెండో పని, కాగితం పట్టుకుని భవనమంతా తిరగడం. పీబీఎక్స్ వెనకాల గోడకి ఉన్న, ఫోన్ తీగలన్నీ వచ్చి కలిసే డిస్ట్రిబ్యూషన్ ఫ్రేమ్ నుంచి బయల్దేరి ఒక్కో జత తీగ ఎక్కడికెళ్తోందో రాసుకోండి. లిఫ్ట్‌లోని అత్యవసర ఫోన్, ఫైర్ అలారం ప్యానెల్, దొంగల అలారం, గేటు దగ్గరి డోర్‌ఫోన్, గోడౌన్‌లో పేజింగ్ స్పీకర్, ఓ మూల ఫ్యాక్స్, పాత కార్డు మెషీన్. ఇవేవీ మీ ఎక్స్‌టెన్షన్ల జాబితాలో ఉండవు, మార్చిన మర్నాడు పనిచేయనివి మాత్రం ఇవే. వీటిలో కొన్నిటిని ఏటీఏ అనే చిన్న అడాప్టర్ పెట్టి కొత్త సిస్టమ్‌కి కలపవచ్చు. ఫ్యాక్స్ అయితే టి.38 (ఐపీ నెట్‌వర్క్ మీద ఫ్యాక్స్ పంపే ప్రమాణం) ఉండాలి, లేదా కనీసం జి.711 కోడెక్ (మాటని డిజిటల్‌గా మార్చే పద్ధతి) మీద వెళ్లాలి. మాటను కుదించే జి.729 మీద ఫ్యాక్స్ బతకదు. లిఫ్ట్, ఫైర్ అలారం లైన్లను మాత్రం మీ అంతట మీరు ముట్టుకోకండి. వాటిని నిర్వహించే కంపెనీ దగ్గర ఏ రకం లైను కావాలో, కరెంటు పోతే ఎంతసేపు పనిచేయాలో రాతపూర్వకంగా తీసుకోండి. ప్రాణాలతో ముడిపడ్డవి కాబట్టి, వాటి కోసం విడిగా ఒక లైను ఉంచుకోవాల్సి వచ్చినా ఆ ఖర్చుకి వెనకాడవద్దు.

మూడోది చాలామంది ఐటీ వాళ్లు వదిలేసేది: ఒక పూటంతా రిసెప్షన్‌లో కూర్చోవడం. రిసెప్షనిస్టు రోజుకి ఎన్ని కాల్స్ అందుకుని, ఎవరు ఖాళీగా ఉన్నారో లైట్లు చూసి తెలుసుకుని, అవతలి వాళ్లతో ఒక మాట చెప్పి, అప్పుడు కలుపుతారో కళ్లారా చూడండి. మామూలు ఉద్యోగికి ఫోన్ అంటే ఎత్తడం, పెట్టేయడం. రిసెప్షనిస్టుకి, డైరెక్టర్ల సెక్రటరీలకి, కస్టమర్ల కాల్స్ తీసుకునే వాళ్లకి అదే పనిముట్టు. కాల్ బదిలీకి ఇప్పుడు రెండు మీటలు నొక్కే చోట కొత్త సిస్టమ్‌లో నాలుగైదు క్లిక్కులైతే ఆ బాధ రోజూ వందసార్లు పడాల్సింది వాళ్లే. వెండర్ని మళ్లీ పిలిచినప్పుడు వాళ్లు చూపించాలనుకున్నది కాకుండా, మీ రిసెప్షనిస్టు రోజూ చేసే ఐదారు పనులు ఆమె చేతే ఆ సిస్టమ్ మీద చేయించండి. కోట్ షీట్ మీద ఉన్న వంద ఫీచర్ల కన్నా ఆ అరగంట ఎక్కువ చెబుతుంది.

ఇప్పుడు మీరడిగిన మూడు దారులు.

సొంత ఐపీ పీబీఎక్స్. 1999లో మార్క్ స్పెన్సర్ మొదలుపెట్టిన ఆస్టెరిస్క్, దాని మీద వెబ్ తెరలతో నడిచే ఫ్రీపీబీఎక్స్ లాంటివి లైసెన్సు ఖర్చు లేకుండానే 150 మందిని తేలిగ్గా మోస్తాయి. పట్టంతా మీ చేతిలో ఉంటుంది, ఇంటర్నెట్ పోయినా ఆఫీసు లోపలి కాల్స్ నడుస్తాయి. కానీ సెక్యూరిటీ ప్యాచ్ వచ్చిన రోజున, ఆదివారం సాయంత్రం సర్వర్ లేవని రోజున, ఎవరు చూస్తారన్న ప్రశ్నకి ఒక పేరు ఉండాలి. ఆ పేరు ఒక్కటే అయితే, ఆ మనిషి ఉద్యోగం మానేస్తే సిస్టమ్ అనాథ అవుతుంది. సిప్ (ఐపీ ఫోన్లు కాల్స్ కలపడానికి వాడే ప్రమాణం) అంటే ఇష్టపడే ఇద్దరు మనుషులు టీమ్‌లో లేకపోతే ఈ దారి నేను సూచించను. నేను స్వయంగా ఆస్టెరిస్క్ అభిమానిని, అయినా ఈ మాట అంటున్నాను.

క్లౌడ్. సర్వర్ల గొడవ ఉండదు, బ్రాంచీలు, ఇంటి నుంచి పనిచేసేవాళ్లు అందరూ ఒకే పద్ధతిలో కలుస్తారు. పక్క టేబుల్‌కి చేసే కాల్ కూడా చాలా సిస్టముల్లో ప్రొవైడర్ దాకా వెళ్లి తిరిగొస్తుంది కాబట్టి బ్యాండ్‌విడ్త్ లెక్కలో లోపలి కాల్స్ కూడా కలపాలి, ఇంటర్నెట్ లింకు తెగితే అన్నీ ఆగుతాయి. ప్రొవైడర్ కూడా పడిపోవచ్చు. 2021 సెప్టెంబరులో వీఓఐపీ.ఎంఎస్, బ్యాండ్‌విడ్త్ లాంటి ఇంటర్నెట్ ఫోన్ సంస్థల మీద వరసగా డీడాస్ దాడులు (లెక్కలేనన్ని రిక్వెస్టులతో సర్వర్లని ముంచేయడం) జరిగి వాటి కస్టమర్ల ఫోన్లు రోజుల తరబడి ఇబ్బంది పడ్డాయి. అందుకే క్లౌడ్ తీసుకునేవాళ్లు అడగాల్సిన ప్రశ్న ఇదీ: మీ సర్వీసు మొత్తం ఆగిన రోజున మా ప్రధాన నంబరుకి వచ్చే కాల్స్‌ని వేరే చోటికి మళ్లించే స్విచ్ ఎక్కడుంది, దాన్ని నొక్కేది ఎవరు?

మీటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఫోన్. టీమ్స్, జూమ్, వెబెక్స్ మూడింటిలోనూ ఇది దొరుకుతుంది. రోజంతా హెడ్‌సెట్‌తో స్క్రీన్ ముందుండే వాళ్లకి చక్కగా అతుకుతుంది. రిసెప్షన్‌కి, గోడౌన్‌కి, షాప్ ఫ్లోర్‌కి అంత బాగా అతకదు. టీమ్స్‌లో డైరెక్ట్ రూటింగ్ పద్ధతి (మీ సొంత ఫోన్ లైన్లని టీమ్స్‌కి కలపడం) ఎంచుకుంటే మధ్యలో ఎస్‌బీసీ అనే, రెండు ఫోన్ నెట్‌వర్క్‌ల మధ్య కాపలాదారు లాంటి పరికరం లేదా సర్వీసు ఉండాలి, దాని టీఎల్‌ఎస్ సర్టిఫికెట్ (ఎన్‌క్రిప్షన్‌కి కావాల్సిన గుర్తింపు పత్రం) గడువు తీరిందంటే ఆ క్షణం నుంచి బయటి కాల్స్ బంద్. ఆ తేదీ ఒక మనిషి బుర్రలో కాకుండా మీ మానిటరింగ్‌లో ఉండాలి.

మీ టీమ్ పరిమాణం, రాత్రి షిఫ్ట్ లేకపోవడం చూస్తే నా ఓటు క్లౌడ్‌కే. ఒక షరతు ఉంది. వేర్వేరు కంపెనీల నుంచి, వేర్వేరు దారుల్లో భవనంలోకి వచ్చే రెండు ఇంటర్నెట్ లింకులుండాలి. రెండు కంపెనీల కేబుళ్లూ ఒకే గొట్టంలోంచి వస్తుంటే పలుగు దెబ్బ ఒక్కటి చాలు. అలా కుదరకపోతే రెండోది 4జీ లేదా 5జీ రౌటరైనా సరే.

వెండర్ గురించి ఒక్క మాట. అవాయా లాంటి దిగ్గజమే 2017లో ఒకసారి, 2023లో మరోసారి దివాలా రక్షణ కోరింది. మైటెల్ 2025లో అదే దారి పట్టింది. రెండూ తర్వాత కోలుకుని నడుస్తున్నాయి గానీ, ఫోన్ సిస్టమ్ పదేళ్లు వాడేది కాబట్టి పెద్ద పేరు ఒక్కటే చూసి నిశ్చింతగా ఉండటానికి లేదని అర్థమవుతుంది. బల్ల మీది ఫోన్లు ప్రామాణిక సిప్ ఫోన్లై ఉండాలి, వాటి లోపలి సాఫ్ట్‌వేర్ (ఫర్మ్‌వేర్) ప్రొవైడర్‌కి లాక్ చేసి ఉండకూడదు. రేపు ప్రొవైడర్‌ని మార్చినా ఆ ఫోన్లు మీకు పనికొస్తాయి. కాంట్రాక్టులో నంబర్లు మీ సంస్థ పేరు మీదే ఉంటాయని, వెళ్లిపోవాలంటే అవే నంబర్లని కొత్త ప్రొవైడర్‌కి పోర్ట్ (బదిలీ) చేసి ఇస్తారని, కాల్ రికార్డింగులు మామూలు ఆడియో ఫైళ్లుగా చేతికిస్తారని స్పష్టంగా రాయించుకోండి. ధర తగ్గించడం కన్నా ఈ మూడు వాక్యాల కోసం గట్టిగా పట్టుబట్టండి.

ఇక నెట్‌వర్క్. కొత్త ఫోన్ సిస్టమ్ బాగాలేదని వచ్చే ఫిర్యాదుల్లో అత్యధికం ఇక్కడ పుట్టినవే, కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. జి.711 కోడెక్‌లో మాట సెకనుకి 64 కిలోబిట్లు. ప్రతి 20 మిల్లీసెకన్లకి ఒక ప్యాకెట్, సెకనుకి 50. హెడర్లన్నీ (ప్రతి ప్యాకెట్‌కి అంటించే చిరునామా సమాచారం) కలుపుకుంటే ఈథర్నెట్ మీద ఒక్కో దిశకి సుమారు 87 కిలోబిట్లు. మన ఉదాహరణలోని 13 కాల్స్‌కి అటు 1.1 మెగాబిట్లు, ఇటు 1.1. అంతే. 100 మెగాబిట్ల లింకున్నా మాట తెగుతోందంటే కొరత బ్యాండ్‌విడ్త్‌ది కాదు, సమయానిది. ఎవరో పెద్ద ఫైలు పైకి పంపుతున్నారు, రౌటర్ దగ్గర క్యూ పెరిగింది, మాట ప్యాకెట్ ఇరుకు సందులో లారీ వెనక చిక్కుకున్న సైకిల్‌లా ఆగింది. అంతర్జాతీయ టెలికం సంస్థ ఐటీయూ జి.114 సిఫార్సు ప్రకారం ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్ల లోపుంటే సంభాషణ సహజంగా సాగుతుంది. దాటిన కొద్దీ ఇద్దరూ ఒకరి మాట మీద ఒకరు మాట్లాడటం మొదలవుతుంది. జిట్టర్ (ప్యాకెట్లు వచ్చే వ్యవధిలో హెచ్చుతగ్గులు) 30 మిల్లీసెకన్ల లోపు, ప్యాకెట్ నష్టం ఒక శాతం లోపు ఉంచుకోవడం మంచి లక్ష్యం.

దీనికి మందు, మాట ప్యాకెట్లకి డీఎస్‌సీపీ 46 అనే ప్రాధాన్య గుర్తు వేసి స్విచ్‌లలో, రౌటర్‌లో ముందు వరసలో పంపడం. అయితే మీ గేటు దాటాక ఇంటర్నెట్ ఆ గుర్తుని లెక్కచేయదు. అందుకే అసలైన పని మీ రౌటర్ బయటి ముఖం మీద జరగాలి: అప్‌లోడ్‌ని లింకు అసలు వేగం కన్నా కొంచెం తక్కువకి షేప్ చేస్తే (పరిమితం చేస్తే) క్యూ ప్రొవైడర్ మోడెమ్‌లో కాకుండా మీ రౌటర్‌లోనే పెరుగుతుంది, అక్కడ ఎవరు ముందు వెళ్లాలన్నది మీరు నిర్ణయించగలుగుతారు. ఈ ఒక్క సెట్టింగ్‌తో చక్కబడిన ఆఫీసులు చాలా చూశాను.

ఫోన్లకి వేరే వీల్యాన్ (అదే స్విచ్‌ల మీద విడిగా నడిచే నెట్‌వర్క్) పెట్టండి. ఎల్‌ఎల్‌డీపీ-మెడ్ అనే ప్రమాణం ద్వారా స్విచ్చే ఫోన్‌కి ఆ వీల్యాన్ చెబుతుంది, ఒక్కో ఫోన్ దగ్గరికెళ్లి టైపు చేయనక్కర్లేదు. ఫోన్ వెనక పోర్టులోంచి కంప్యూటర్ కలిపే అలవాటుంటే గిగాబిట్ పోర్టున్న మోడలే కొనండి. చవక ఫోన్లలో అది 100 మెగాబిట్లే ఉంటుంది, ఫోన్ మార్చిన రోజు నుంచి నెట్ నెమ్మదించిందని కంప్లైంట్లు మొదలవుతాయి. నెట్‌వర్క్ తీగలోనే ఫోన్‌కి కరెంటు పంపే పీఓఈ స్విచ్ కొనేటప్పుడు పోర్టుల సంఖ్యతో పాటు మొత్తం వాట్లు చూడండి. దాని ప్రమాణమైన 802.3ఏఎఫ్‌లో స్విచ్ ఒక పోర్టుకి 15.4 వాట్ల దాకా ఇవ్వగలదు, కానీ 48 పోర్టుల స్విచ్‌లు చాలావాటి మొత్తం బడ్జెట్ అన్ని పోర్టులకీ అంత ఇవ్వడానికి చాలదు. ఫోన్లు అంత తినవు గానీ, వైఫై యాక్సెస్ పాయింట్లు, కెమెరాలు కూడా అదే స్విచ్ మీద వేలాడుతుంటే లెక్క తప్పుతుంది. అలాగే సర్వర్ గదికి యూపీఎస్ పెట్టి అంతస్తుల్లోని స్విచ్ క్యాబినెట్లకి పెట్టకపోతే, కరెంటు పోయిన క్షణాన సర్వర్ బతికే ఉంటుంది, ఫోన్లు చచ్చిపోతాయి. పాత అనలాగ్ ఫోన్లకి కరెంటు పీబీఎక్స్ నుంచే తీగలో వచ్చేది కాబట్టి ఈ ఆలోచన ఇంతకుముందు ఎవరికీ రాలేదు. తిరుగుతూ మాట్లాడాల్సిన వాళ్లకి వైఫై ఫోన్ల కన్నా డెక్ట్ (కార్డ్‌లెస్) ఫోన్లే నమ్మకంగా పనిచేస్తాయి.

ఫైర్‌వాల్‌లో సిప్ ఏఎల్‌జీ అనే సదుపాయం ఉంటే తీసేయండి. సాయం చేయడానికే పెట్టారు గానీ, సిప్ మెసేజ్‌లలోని అడ్రసులను అది సగం సగం మార్చి పాడుచేయడమే ఎక్కువ. తర్వాత వచ్చే సమస్యలకి కొన్ని ఆనవాళ్లు చెబుతాను, గుర్తుంచుకుంటే గంటలు ఆదా అవుతాయి. ఒకవైపు మాట మాత్రమే వినిపిస్తే న్యాట్ (లోపలి అడ్రసులను బయటి అడ్రసుగా మార్చడం) లేదా ఆర్‌టీపీ (మాట ప్యాకెట్లను మోసే ప్రోటోకాల్) పోర్టుల సంగతి చూడండి. కాల్ సరిగ్గా 32 సెకన్లకి తెగుతుంటే, కాల్ ఎత్తినట్టు చెప్పే జవాబుకి రావాల్సిన ఏసీకే (అందింది అని చెప్పే) మెసేజ్ అవతలికి చేరడం లేదని అర్థం. సిప్ ప్రమాణంలోనే ఉన్న గడువు అది. 15 లేదా 30 నిమిషాలకి తెగుతుంటే సెషన్ టైమర్ రిఫ్రెష్ (కాల్ ఇంకా నడుస్తోందా అని మధ్యలో సరిచూసే మెసేజ్) ఎక్కడో ఆగుతోంది. ఫోన్ కాసేపు వాడకపోతే బయటి నుంచి కాల్స్ రాకపోయినా, మీరు ఒక కాల్ చేయగానే మళ్లీ వస్తున్నా, ఫైర్‌వాల్ ఫోన్ వాడే ఆ యూడీపీ దారిని మూసేస్తోంది. రిజిస్ట్రేషన్ వ్యవధి (ఫోన్ తన ఉనికిని సర్వర్‌కి మళ్లీ చెప్పే గడువు) తగ్గించండి, దారి తెరిచి ఉంచే కీప్-అలైవ్ పెట్టండి. ఎకో గనక ఎప్పుడూ ఒకే వ్యక్తితో మాట్లాడినప్పుడు వస్తుంటే నెట్‌వర్క్‌ని వదిలేసి అవతలి వాళ్ల హెడ్‌సెట్ మార్పించండి. నెట్‌వర్క్ ప్యాకెట్లను చూపించే వైర్‌షార్క్‌లో టెలిఫోనీ మెనూ, లినక్స్ సర్వర్ మీద సిప్ మెసేజ్‌లు చూపించే ఎస్‌ఎన్‌గ్రెప్, ఈ రెండూ టీమ్‌లో ఒక్కరికైనా చేతికి అలవాటవ్వాలి.

సెక్యూరిటీలో ముందుగా భయపడాల్సింది టోల్ ఫ్రాడ్‌కి. సొంత పీబీఎక్స్‌లో సిప్ వాడే 5060 పోర్టుని ఇంటర్నెట్‌కి తెరిచి పెడితే స్కానర్లు వెతుక్కుంటూ వస్తాయి, ఎక్స్‌టెన్షన్ నంబరే పాస్‌వర్డ్‌గా ఉన్న ఫోన్ ఒక్కటి దొరికితే చాలు. శుక్రవారం రాత్రి మొదలుపెట్టి సోమవారం పొద్దున దాకా విదేశాల్లోని ప్రీమియం నంబర్లకి వరసగా కాల్స్ చేస్తారు, ఆ కాల్స్ మీద వచ్చే ఆదాయంలో వాళ్లకి వాటా ఉంటుంది. బిల్లు మీకు వస్తుంది. కొన్నిసార్లు ఫోన్ సిస్టమ్ హ్యాక్ కూడా అక్కర్లేదు, 1234 పిన్‌తో ఉన్న వాయిస్‌మెయిల్‌లోకి దూరి కాల్ ఫార్వర్డింగ్ పెట్టేసినా సరిపోతుంది. అంతర్జాతీయ కాల్స్ అందరికీ మూసేసి, అవసరమున్న వాళ్లకి, అవసరమున్న దేశాలకి మాత్రమే తెరవండి. ప్రొవైడర్ దగ్గర రోజువారీ ఖర్చు పరిమితి పెట్టించండి, దాటితే ఆగిపోవాలి, ఊరికే ఈమెయిల్ వస్తే చాలదు. మాట, సిగ్నలింగ్ రెండిటికీ ఎన్‌క్రిప్షన్ ఆన్ చేయండి. సాఫ్ట్‌ఫోన్ యాప్ కూడా దాడికి దారే. 2023 మార్చిలో 3సీఎక్స్ అనే ఫోన్ సిస్టమ్ డెస్క్‌టాప్ యాప్ అసలు అప్‌డేట్‌లోనే దాడిచేసేవాళ్లు హానికర కోడ్ చొప్పించారు. అందుకని ఫోన్ యాప్‌ని కూడా మిగతా సాఫ్ట్‌వేర్ మీద పెట్టే నిఘాలోనే ఉంచండి, యాంటీవైరస్ దాన్ని పట్టుకుంటే ఫోన్ యాపే కదా అని మినహాయింపు ఇవ్వకండి.

అత్యవసర కాల్స్ విషయం ఎక్కడా రాజీ పడవద్దు. అమెరికాలో 2013లో ఒక హోటల్ గదిలో తల్లి మీద దాడి జరుగుతుంటే తొమ్మిదేళ్ల కూతురు అక్కడి అత్యవసర నంబరు 911కి పదేపదే ఫోన్ చేసింది. బయటి లైను కోసం ముందు 9 నొక్కాలని ఆ పిల్లకి తెలియదు, కాల్ వెళ్లలేదు, తల్లి చనిపోయింది. ఆ తల్లి పేరుతోనే వచ్చిన కేరీ చట్టం 2020 ఫిబ్రవరి నుంచి అక్కడ అమల్లో ఉంది: ప్రిఫిక్స్ లేకుండా నేరుగా డయల్ చేస్తే కాల్ వెళ్లాలి, అదే సమయంలో భవనంలో బాధ్యులకి సమాచారం అందాలి. మీ దేశంలో చట్టం ఏమన్నా సరే, ఈ రెండూ మీ సిస్టమ్‌లో పెట్టండి. క్లౌడ్‌లో ఇంకో చిక్కు ఉంది. బ్రాంచి నుంచో ఇంటి నుంచో చేసిన అత్యవసర కాల్‌కి హెడ్డాఫీసు చిరునామా కనిపిస్తే అంబులెన్స్ అక్కడికే వెళ్తుంది. ఒక్కో చోటికి చిరునామా నమోదు చేయించి, ప్రొవైడర్ ఇచ్చే పరీక్ష పద్ధతిలో సరిచూసుకోండి.

డయల్ ప్లాన్ (ఏ అంకెలు నొక్కితే కాల్ ఎటు వెళ్లాలన్న ఏర్పాటు) గురించి ఎక్కువ చెప్పను. ఎక్స్‌టెన్షన్లు నాలుగంకెలు ఉంచండి, బయటి లైను అంకెతోనూ అత్యవసర నంబర్లతోనూ మొదలయ్యేవి వద్దు. ఐవీఆర్‌లో (ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అని చెప్పే మెనూ) నాలుగు ఎంపికలు దాటితే వినేవాళ్లు మొదటిది మరిచిపోతారు, మనిషితో మాట్లాడే దారి ప్రతి మెనూలోనూ ఉండాలి. సెలవు రోజుల పట్టికని ఏడాదికోసారి ఎవరు నింపుతారో ఇప్పుడే తేల్చండి, లేకపోతే సెలవు రోజున మీ కస్టమర్ ఎవరూ లేని ఆఫీసులో మోగుతున్న ఫోన్‌ని వింటూ ఉంటాడు.

మార్పిడి రోజు గురించి. పాత లైను రద్దు చేయమని ఉత్తరం రాయకండి, నంబర్లన్నీ కొత్త ప్రొవైడర్‌కి పోర్ట్ అయి, వారం రోజులు నడిచి, ఒక్కో నంబరుకి మీరే బయటి నుంచి కాల్ చేసి చూసుకున్న తర్వాతే రాయండి. ముందే రద్దయితే నంబరు పోయే ప్రమాదం ఉంది, ఇరవై ఏళ్లుగా విజిటింగ్ కార్డుల మీద ఉన్న నంబరుకి ప్రత్యామ్నాయం లేదు. పాత బిల్లు మీద ఉన్న సంస్థ పేరు, చిరునామా అక్షరం పొల్లుపోకుండా పోర్టింగ్ దరఖాస్తులో ఉండాలి, తిరస్కరణలకి అతి మామూలు కారణం ఆ తేడాయే. ముందుగా ఒక విభాగంతో రెండు మూడు వారాలు ప్రయత్నించండి. అందులో ఐటీ వాళ్లని కాకుండా ఫోన్ మీదే బతికే వాళ్లని, గట్టిగా నోరున్న వాళ్లని పెట్టండి, లోపాలు ముందే బయటపడతాయి. అసలు మార్పిడి వారం మధ్యలో పెట్టుకోండి, ప్రొవైడర్ సపోర్ట్ మనుషులు అందుబాటులో ఉంటారు. ఆ రోజు మీ టీమ్ అంతస్తుల్లో తిరుగుతూ ఉండాలి, కాల్ బదిలీ ఎలా అని అడిగిన ప్రతి ఒక్కరికీ పక్కన నిలబడి చూపించాలి.

తర్వాత రోజువారీ నిర్వహణ. ఫోన్ల పని టికెట్ సిస్టమ్‌లోకి రావాలి, కారిడార్‌లో ఎదురైనప్పుడు చెప్పిన మార్పులు లెక్కలోకి రావు. నంబరు, అది ఎవరికి మోగుతుంది, ఎత్తకపోతే ఎటు వెళ్తుంది, ఎవరు ఆమోదించారు అన్న పట్టిక ఒకటి ఉంచండి, ప్రతి మార్పుకీ అందులో ఒక వరస. కాన్ఫిగరేషన్ బ్యాకప్ క్లౌడైనా సరే మీ దగ్గర ఒక కాపీ ఉండాలి. నెలకోసారి ప్రధాన ఇంటర్నెట్ లింకుని కావాలని తీసేసి, కాల్స్ రెండో లింకు మీద నడుస్తున్నాయో లేదో చూడండి. కాల్స్ రికార్డ్ చేస్తుంటే అవతలి వాళ్లకి ముందే చెప్పడం, ఎన్నాళ్లు ఉంచాలన్నది న్యాయ విభాగంతో తేల్చుకోవడం మీ బాధ్యతే. కార్డు వివరాలు ఫోన్‌లో తీసుకునే చోట రికార్డింగ్ ఆగే ఏర్పాటు ఉండాలి. కార్డు వెనకుండే సీవీవీని చెల్లింపు పూర్తయ్యాక దాచకూడదని కార్డు చెల్లింపుల భద్రతా ప్రమాణం పీసీఐ డీఎస్‌ఎస్ నిబంధన, ఆడియోలో ఉన్నా దాచినట్టే లెక్క.

ఉద్యోగి వెళ్లిపోయినప్పుడు ఈమెయిల్ మూసినట్టు ఎక్స్‌టెన్షన్ కూడా ఆ రోజే తీసేస్తుంటారు. సేల్స్, సర్వీస్ మనుషులవి అలా తీసేయకండి. కనీసం మూడు నెలలు వాళ్ల మేనేజర్‌కి మళ్లించి, సీడీఆర్‌లో ఆ నంబరుకి ఇంకా ఎవరు చేస్తున్నారో చూసి, ఆ కస్టమర్లకి కొత్త నంబరు చెప్పించాకే ఖాళీ చేయండి.